కొండలోని గీత

చిత్రకళ పట్టభద్రులారా, ఒక్కసారి ఉత్తరం వైపు తల తిప్పండి. నేను మాట్లాడాలనుకున్నది ఆ శేషాచలం గురించే.

కిందంతా అడవి కప్పిన వాలు. పైన నిట్టనిలువు ఎర్రరాతి గోడ, అందులో అడ్డంగా పొర మీద పొర. తిరుమల ఘాట్ రోడ్డు కోసం కొండను చెక్కినచోట ఒక గీత దగ్గరగా కనిపిస్తుంది. దాని కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు. ఆ రెండు రాళ్ల వయసుకూ మధ్య పదుల కోట్ల ఏళ్ల ఎడం. జాతీయ భూవైజ్ఞానిక స్మారకం అది. బస్సులో గోవిందనామాలు చెప్పుకుంటూ ఎన్నిసార్లు దాటిపోయామో!

చదువుకునే రోజుల్లో ఈ కొండను మంచులో, వానమబ్బులో, సంజె ఎరుపులో ఎన్నోసార్లు వేశాను. రంగులు కుదిరేవి, కొండ మాత్రం నిలబడేది కాదు. ఎందుకో పాల్ సెజాన్ చిత్రాల ముందు కూర్చున్నాక అర్థమైంది.

ఫ్రాన్స్‌లో తన సొంతూరు ఎక్స్ దగ్గరున్న సెయింట్ విక్టార్ కొండను ఆయన 60 సార్లకు పైగా వేశాడు. తోటి ఇంప్రెషనిస్టులు మారిపోయే వెలుగు వెంట పడ్డారు. ఆయనకు ఆ వెలుగూ కావాలి, 17వ శతాబ్దపు పూసాన్ చిత్రాల్లోని నిలకడా కావాలి. పూసాన్ తన ప్రకృతి దృశ్యాల్లో పురాణ పురుషులను, పాత గుళ్లను నిలిపాడు. సెజాన్ వాటి జోలికి పోలేదు. 1887 ప్రాంతంలో వేసిన ఒక చిత్రం చూడండి. ఎదురుగా వేలాడే పైన్ కొమ్మ వంపు, దూరాన కొండ అంచు వంపునే అనుసరిస్తుంది. గాలికి ఊగే కొమ్మ, కదలని కొండ ఒకే లయలో ఒదిగాయి. పాత క్రమం అలా ఎదుట ఉన్న చెట్టులోంచే తిరిగొచ్చింది.

అలా రెండిటినీ కలుపుకున్నవాడు మనకూ ఉన్నాడు. మన దామెర్ల రామారావు బొంబాయిలో నేర్చిన పాశ్చాత్య విద్యనూ అజంతా రేఖనూ గోదావరి ఒడ్డుకు తెచ్చుకున్నాడు. 1897లో పుట్టి 1925లోనే వెళ్లిపోయాడు. ఇంకో ఇరవై ఏళ్లు ఉండి ఉంటే అనిపించి ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఫొటోలు దిగడం అయ్యాక సాయంత్రం కపిలతీర్థం వైపు నడవండి. ఎండ ఏటవాలుగా పడే ఆ వేళ ఒక్కో రాతిపొర కింద సన్నని నీడ దిగుతుంది. రంగులు వద్దు, పెన్సిల్ చాలు. చీకటి పడేదాకా ఆ గీతలు కనబడతాయి.