పిల్లలు మనసు విప్పే చోటు బడిలోనే ఉండాలి
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాడ పిల్ల బడికి పోనని మొండికేస్తే ‘చదువు ఒంటబట్టలేదు’ అంటాం. నాలుగు తగిలించి పంపిస్తాం. ఎందుకు పోనంటోందో అడగం. పక్కన కూర్చోనివ్వకపోతే, కులం పేరుతో పిలిస్తే, మరుగుదొడ్డి కడగమంటే ఆ పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? సారుకి చెప్పాలంటే భయం. అమ్మకి చెబితే బాధపడుతుందని బెంగ. ఆఖరికి తప్పు తనదే అనుకుని నోరు మూసుకుంటుంది. అప్పుడు ‘మొద్దు’ అని పేరు పెడతారు.

సతారా బడిలో బాబాసాహెబ్ తన గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. నౌకరు కుళాయి తిప్పితేనే నీళ్లు. నౌకరు లేకపోతే దాహమే. ఆ సంగతి ఆయన పెద్దయ్యాక రాశాడు. మన పిల్లలు కూడా పెద్దయ్యేదాకా ఆగాలా?

అందుకే ప్రతి బడిలో పిల్లల తోడు బృందం పెట్టాలంటున్నాం. వారానికి ఒక గంట, పది పన్నెండు మంది పిల్లలు, వాళ్లు నమ్మే ఒక టీచరు చాలు. అన్ని కులాల పిల్లలూ కలిసి గుండ్రంగా కూర్చోవాలి. మన పిల్లల్నే విడిగా కూర్చోబెడితే అది ఇంకో వెలివాడ. వంతులవారీగా మాట్లాడాలి. ఇష్టంలేనివాళ్లు ఊరకుండొచ్చు. దెబ్బతిన్న పిల్లను అందరిముందూ చెప్పమని బలవంతపెట్టొద్దు, టీచరుకు విడిగా చెప్పుకునే వీలుండాలి. కోపమొస్తే ఏం చేయాలి, తోటివాడు ఏడిస్తే ఎట్లా దగ్గరికి తీయాలి, తప్పు చేస్తే ఎట్లా ఒప్పుకోవాలి – ఇవీ చదువే. అవమానించే పిల్లాడు ఇంట్లో చూసిందే బడిలో చేస్తాడు. వాడు మారాల్సిందీ ఇక్కడే.

అయితే ఒక్కమాట. అవమానాన్ని ఓర్చుకోవడం నేర్పే బృందం మనకొద్దు. పిల్లలు చెప్పుకున్న మామూలు సంగతులు బయటికి పోకూడదు గానీ, దెబ్బలు, వేధింపులు తెలిస్తే దాచకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సగం మంది ఆడవాళ్లుండాలనీ, మన పిల్లల తల్లిదండ్రులకు మన లెక్క ప్రకారం చోటుండాలనీ 21వ సెక్షన్ చెప్పింది. మరి ఆ మీటింగుకి మనం పోతున్నామా? పోదాం. తోడు బృందం పెట్టాలని తీర్మానం రాయిద్దాం. ఆపదొస్తే 1098కి ఫోన్ చేయాలని పిల్లలకు కంఠతా నేర్పుదాం.

ఈ సాయంత్రం ఇంటికి పోయి ‘బడిలో నీ పక్కన ఎవరు కూర్చున్నారమ్మా?’ అని అడుగుదాం. మార్కుల సంగతి తర్వాత.

జై భీమ్!