ఏ కర్రకు ఏ నాదం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరువి కదా, ఏదైనా టెక్నాలజీ గురించి మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. నేను కర్ర గురించి మాట్లాడతాను. మా అమ్మాయి స్పెయిన్ దేశపు ఫ్లమెంకో సంగీతం నేర్చుకుంటోంది. తనకో గిటారు నా చేతులతో చేసిస్తానని మాటిచ్చాను. కర్ర ఎంచుకోవడంతోనే పని మొదలయింది.

గిటారులో ముఖ్యంగా పలికేది పైపలక. తీగల కదలికను గాలికి అందించేది అదే. మందం సుమారు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. తీగల లాగుడుకు వంగిపోకూడదు, బరువుగానూ ఉండకూడదు. అందుకే చలిదేశాల్లో నెమ్మదిగా పెరిగే స్ప్రూస్ వాడతారు. దాని గట్టిదనం అడ్డంగా కంటే గీతల వెంట పది రెట్లకు పైగా ఎక్కువ. కాబట్టి గీతలు తిన్నగా, దగ్గరదగ్గరగా ఉండి, ముడి లేకుండా, బాగా ఆరిన పలక చూసుకోవాలి. రెండు వేళ్లతో వేలాడదీసి తడితే ఖంగుమని మోగాలి.

1862లో ఆంటోనియో దె టోర్రెస్ అనే స్పెయిన్ పనివాడు వెనుక భాగం, పక్కలు అట్టతో చేసి, పైపలక మాత్రం మంచి స్ప్రూస్‌తో పెట్టి ఒక గిటారు తయారుచేశాడు. పైపలకదే ప్రాధాన్యమని చూపించడానికి! ఆ గిటారు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

అలాగని మిగతా కర్ర లెక్కలోకి రాదని కాదు. వెనుక, పక్కలు సైప్రస్‌తో చేస్తే ‘బ్లాంకా’, అంటే తెల్లది. రోజ్‌వుడ్‌తో చేస్తే ‘నెగ్రా’, నల్లది. రోజ్‌వుడ్ అంటే మన ఇరుగుడు కూడా. దక్షిణాది అడవుల్లో పెరిగే ఆ కర్ర స్పెయిన్ పనివాళ్ల బల్లల మీదా కనిపిస్తుంది. అది బరువు, నాదం లోతుగా ఉండి ఎక్కువసేపు నిలుస్తుంది. సైప్రస్ తేలిక, పలుకు చురుక్కున లేచి త్వరగా ఆగుతుంది. నర్తకి పాదాల చప్పుడుకు తోడుగా వాయించేవాళ్లకు ఆ ఆగడమే కావాలి. నాదం సాగితే తర్వాతి దెబ్బ మీద పడి తాళం మసకబారుతుంది.

సైప్రస్ స్పెయిన్‌లో దొరికే చవక కర్ర. పేద కళాకారుల చేతికి అందిందీ అదే. ఆ కర్ర పలుకే ఆ సంగీతానికి గుర్తయింది.

మా అమ్మాయి మనసు నల్లదాని మీద ఉండేది. చూపుకు అందం, ఖరీదూ ఎక్కువే. “నువ్వు వాయించేది నాట్యానికి కదమ్మా, రెండూ విని చెప్పు” అన్నాను. విన్నాక తనే తెల్లదాన్ని కోరుకుంది. పైగా 2017 నుంచి రోజ్‌వుడ్ జాతి మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలో ఉంది. తయారైన వాయిద్యాలకు 2019లో సడలింపు ఇచ్చారు గాని, అడవి మీద భారం తీరిపోలేదు.

మన బొబ్బిలి వీణకు పనస మానే కావాలి. దానికి ఇరుగుడు ఎంత ఖరీదైనదైతే ఏం? కర్ర పట్టుకున్నవాడు అడగవలసింది “ఇది గొప్పదా?” అని కాదు, “ఇది దేనికి పలుకుతుంది?” అని.

ఇక మన సంఘం మాట. ఏటా ఇచ్చే ఉపకార వేతనాలను మార్కులు చూసే ఇస్తున్నాం. ఇవ్వాల్సిందే. ఈ ఏటి నుంచి రెండు, ఐటీఐలో చేరే పిల్లలకూ చేతిపని నేర్చుకునే పిల్లలకూ కేటాయిద్దామని నా మనవి. అందులో మొదటిది నేను భరిస్తాను. రెండోదానికి ఈ సభలోంచే ఒక చెయ్యి లేవాలి.

సెలవు.