కొత్తగా కట్టిన పాత ఇంజను ఆయిల్ కారితే

మన అహ్లోన్‌లో పాత విల్లీస్ జీపు ఇంజను విప్పి కట్టి ఇచ్చాక కింద ఆయిల్ చుక్క పడితే, మాట పడేది మనమే, కూలిలో కోత పడేదీ మనకే. అందుకని వెంటనే ఇంజను దించొద్దు. చుట్టూ శుభ్రంగా తుడిచి, పౌడరు చల్లి, కాసేపు నడిపి, ఆపి చూద్దాం. ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కీ పోతుంది. కాబట్టి తడి అన్నిటికన్నా పైన, ముందు ఎక్కడ మొదలైందో అదే అసలు చోటు. బ్రీదర్ మూసుకుపోతే లోపలి ఒత్తిడికి మంచి సీలు కూడా కారుతుంది, ముందు దాన్ని కడగాలి. అప్పటి విల్లీస్‌లో వెనక మెయిన్ బేరింగుకు తాడు సీలు ఉండేది. దాన్ని ఆయిల్‌లో నానబెట్టి, గుండ్రటి కడ్డీతో గాడిలో గట్టిగా అదిమితేనే కూర్చుంటుంది. ఏది విప్పినా, ముందు ఆ తడి గీత యజమానికి చూపిద్దాం. తప్పు ఎక్కడుందో కళ్లారా చూసినవాడు మన కూలి కొయ్యడానికి వెనకాడతాడు.