పాసుపుస్తకం లేనోడికి బెయిలేది?

(అంబేద్కర్ జయంతి నాడు వాడలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను బళ్లో లెక్కలు చెప్పే పంతుల్ని. లాయర్ని కాను. మన వాళ్ల కోసం కోర్టు చెట్టు కింద కూర్చుని కూర్చుని నేర్చుకున్న చట్టమే నాది. అక్కడ చూసిన రెండు సంగతులు మీ ముందు పెడతాను.

ఒకటి. మా బళ్లో చదివిన కుర్రాడు. పొలంలో కరెంటు మోటారు పోయిందని అనుమానం మీద పట్టుకుపోయారు. పన్నెండో రోజున జడ్జిగారు బెయిలిచ్చారు. తల్లి సంబరపడింది. కుర్రాడు మాత్రం ఇంటికి రాలేదు. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. ఒక్కొక్కరు పదివేలకు పూచీ పడాలి, ఇంటి పన్ను రసీదో పట్టాదారు పాసుపుస్తకమో చూపించాలి. వాడలో ఎవరికుంది పాసుపుస్తకం? చివరికి ఆ తల్లి ఊళ్లో పెద్దరైతు గడప ముందు నిలబడింది. ఆయన సంతకం పెట్టాడు, ఊరికే పెట్టలేదు. ఏడాది పొడుగునా ఆ ఇంటి గొడ్లచావిట్లో ఆమె పేడ ఎత్తింది. బెయిలొచ్చిన నెలన్నరకి కొడుకు బైటికొచ్చాడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. జామీను కాగితం పట్టుకుని వెట్టి మళ్లీ మన గుమ్మంలోకి వచ్చింది.

రెండోది. ఇంకో ఊళ్లో మన పిల్లల్ని కులం పేరుతో తిట్టి తలలు పగలగొట్టారు. అట్రాసిటీ కేసు పెట్టాం. కొద్ది రోజులకే ముద్దాయిలకు బెయిలొచ్చింది. జామీనుదారులు వరస కట్టారు. బెయిలు పిటిషను వేశారని దెబ్బలు తిన్నవాళ్లకి ఒక్క ముక్క చెప్పినవాడు లేడు. ఆ సాయంత్రం వాడ చుట్టూ మోటారు సైకిళ్లు తిరిగాయి. తెల్లారి సాక్షి నా దగ్గరికొచ్చి, "సారూ, నేనేం చూళ్లేదని చెప్పేస్తా" అన్నాడు. వాణ్ణి నేను తిట్టలేకపోయాను.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. బెయిలు దగ్గర కోర్టు అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఈ మనిషి పారిపోతాడా? సాక్షుల్ని బెదిరిస్తాడా? మళ్లీ నేరం చేస్తాడా? మొదటి కేసులో వీటికి జవాబు దొరికాకే బెయిలిచ్చారు. అయినా ఆస్తి లేదు కాబట్టి లోపలే ఉన్నాడు. రెండో కేసులో జవాబు తెలిసినవాళ్లని పిలవనే లేదు. ఆస్తి ఉంది కాబట్టి వాళ్లు వెంటనే బైటికొచ్చారు. జామీను కొలిచేది మనిషి వల్ల వచ్చే ప్రమాదాన్ని కాదు, మనిషికున్న ఎకరాలని.

ఇది నేను కొత్తగా చెబుతున్న మాట కాదు. 1978లో మోతీరాం అనే మేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. పదివేల జామీను అడిగారు. అన్న ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కింది కోర్టు ఒప్పుకోలేదు. అది తప్పని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ల సంగతి బైటపడింది. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గినవాళ్లు అక్కడున్నారు. ఊళ్లో వేళ్లూనుకున్న పేదవాణ్ణి సొంత పూచీకత్తు మీద వదలొచ్చని జస్టిస్ భగవతి చెప్పారు.

అన్నేళ్లు గడిచాక ఏం మారింది? 2022 చివర దేశంలో జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురు, ఇంకా నేరం రుజువు కానివాళ్లు. ఆ విచారణ ఖైదీల్లో సుమారు అయిదుగురిలో ఒకరు షెడ్యూల్డు కులాల వాళ్లు. 2011 జనాభా లెక్కల్లో మనం వందకి పదహారు, పదిహేడు మంది. ఈ లెక్క చెప్పడానికి పంతులు అక్కర్లేదు.

"అందర్నీ వదిలేస్తే ఊరికి భద్రత ఏది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మనమూ ఊళ్లో బతికేవాళ్లమే, మన ఆడబిడ్డల మీద చెయ్యి వేసినవాడు మర్నాడే ఎదురుపడితే మనకే భయం. వాడు మన వాడవాడైనా అంతే. నిజంగా ప్రమాదకరమైన మనిషైతే జడ్జిగారు కారణం రాసి బెయిలు నిరాకరించాలి. పదివేలకో లక్షకో ప్రమాదాన్ని అమ్మకూడదు. డబ్బున్న దుర్మార్గుణ్ణి లక్ష రూపాయలు ఆపవు. కూలోడు ఎక్కడికి పారిపోతాడు? రేషను కార్డు ఇక్కడ, పిల్లలు ఇక్కడ, బాకీలు ఇక్కడ. వాణ్ణి మూడు నెలలు లోపల పెడితే పని పోద్ది, పిల్లలు బడి మానతారు, ఇల్లు అప్పులపాలవుద్ది. బైటికి రావాలనే ఆశతో చెయ్యని నేరం ఒప్పుకున్నవాళ్లు కూడా ఉన్నారు. దీనివల్ల ఊరికి ఏ భద్రత వచ్చింది?

కాబట్టి మన డిమాండ్లు రెండు. పేదవాణ్ణి ఆస్తి అడక్కుండా వదలండి. బాధితుల మాట వినకుండా బెదిరించేవాణ్ణి వదలొద్దు. ఇవి ఒకదానికొకటి అడ్డం కాదు, రెండూ ఒకటే న్యాయం.

చట్టంలో మనకి ఆసరా కొంత ఉంది. రాసుకోండి.

ఒకటి: 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. బెయిలబుల్ నేరంలో వారం లోపు జామీను ఇచ్చుకోలేనివాణ్ణి పేదవాడిగానే ఎంచి సొంత పూచీకత్తు మీద వదలాలని 478వ సెక్షన్ చెబుతోంది. 2005 సవరణ నుంచీ ఉన్న మాటే ఇది. మనవాళ్లకి ఎవరూ చెప్పలేదు, అంతే.

రెండు: 479వ సెక్షన్. గరిష్ఠ శిక్షలో సగం, గతంలో ఏ నేరానికీ శిక్ష పడనివాడైతే మూడో వంతు జైల్లో గడిపినవాణ్ణి వదలమని ఉంది. ఉరి, యావజ్జీవం పడే నేరాలకి ఇది వర్తించదు. ఇందులో ఒక మెలిక ఉంది. ఒకటి కంటే ఎక్కువ కేసులున్నవాళ్లకి ఈ మేలు లేదంది. ఒక్కడి మీద నాలుగు కేసులు బనాయించడం ఎంత తేలికో మనకి తెలుసు. ఈ మెలిక తీసెయ్యాలని అడగాలి.

మూడు: బెయిలొచ్చి నెలైనా జామీను దొరక్కపోతే షరతులు సడలించే సంగతి కోర్టే తనంతట తాను చూడొచ్చని, స్థానిక జామీనే కావాలని పట్టుబట్టొద్దని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే పేద ఖైదీల కోసం కేంద్రం పథకం పెట్టింది. విచారణ ఖైదీకి డబ్బు సాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి అడగండి. ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇవ్వాలి. ఫోను 15100.

నాలుగు: అట్రాసిటీ చట్టం 15ఎ సెక్షన్. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ముద్దాయి బెయిలు అడిగితే బాధితులకి ముందుగా నోటీసివ్వాలి, వాళ్ల మాట వినాలి. అలా నోటీసివ్వకుండా ఇచ్చిన బెయిలుని 2021లో రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. మనకి నోటీసు రాకపోతే హైకోర్టుకి అప్పీలు చేద్దాం.

ఇక మనం చెయ్యాల్సింది. ప్రతి వాడలో ఇద్దరు కుర్రాళ్లు ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరు జైల్లో ఉన్నారు, ఏ సెక్షన్, ఏ తేదీన పట్టుకున్నారు, బెయిలొచ్చిందా, జామీను ఎక్కడ ఆగింది, అన్నీ రాయండి. నెలకోసారి ఆ బుక్కు పట్టుకుని న్యాయ సేవాధికార సంస్థకి వెళ్దాం. ఇల్లు రసీదున్న మనవాళ్లు, చిన్నపాటి ఉద్యోగాలున్న మనవాళ్లు జామీనుకి వెనకాడొద్దు. భయం ఉంటుంది, నాకూ ఉంది. కానీ మనం సంతకం పెట్టకపోతే ఆ తల్లి మళ్లీ పెద్దరైతు గడపకే పోవాలి.

బాబాసాహెబ్ మనకి చట్టం చదవడం నేర్పింది పక్కవాడి గడప ముందు నిలబడటానికి కాదు.

జై భీమ్.