గేర్ల సైకిలు మీద అనంతగిరి అడవి దారి

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో సంఘ సభ్యులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకన్న తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను పది నిమిషాలు సైకిలు గురించి చెప్పమన్నారు. నా ఎడమచేతికి ఈ పట్టీ ఏమిటని పొద్దుటినుంచి అడుగుతున్న వారందరికీ ఒకేసారి జవాబిచ్చినట్లవుతుందని ఒప్పుకున్నాను.

నేను తపాలా శాఖలో 1977లో చేరాను. మెయిల్ ఓవర్సీరుగా ఈ వికారాబాదు చుట్టుపక్కల బ్రాంచి పోస్టాఫీసులన్నీ సైకిలు మీదనే తిరిగాను. బరువైన నల్ల సైకిలు, కడ్డీ బ్రేకులు. వానకు రిమ్ము తడిస్తే బ్రేకు పట్టేది కాదు, చెప్పుకాలు నేలకు రాసి ఆపేవాళ్ళం. అనంతగిరి ఘాటు వచ్చిందంటే దిగి నెట్టుకుంటూ పోవడమే. నా సర్వీసులో ఆ ఘాటును ఒక్కసారి కూడా దిగకుండా ఎక్కలేదు. ఈ మాట మీకు చిన్నదిగా తోచవచ్చు, నాకు మాత్రం లోపల ఉండిపోయింది.

2014లో రిటైరయ్యాను. మోకాళ్ళ నొప్పులకు డాక్టరుగారు సైకిలు తొక్కమన్నారు. గదిలో కదలకుండా తొక్కే సైకిలని ఆయన ఉద్దేశం. నేను డి.ఆర్. బకాయికి కొంత కలిపి ఇరవై రెండు వేలకు మౌంటెన్ బైకు కొన్నాను. (కరోనా కాలంలో ఆపేసిన ఆ పద్దెనిమిది నెలల బకాయి కాదులెండి, అది మీకూ రాలేదు, నాకూ రాలేదు.) షాపులో చూస్తే దానికి క్యారియరు లేదు, మడ్‌గార్డు లేదు, గంట కూడా లేదు. మెయిలు సంచి ఎక్కడ పెట్టాలయ్యా అంటే కుర్రవాడు నవ్వాడు.

ఈ రకం బండి పుట్టుక తమాషా అయినది. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో టమల్‌పైస్ అనే కొండ దగ్గరి కుర్రాళ్ళు 1930ల నాటి పాత సైకిళ్ళు వెదికి తెచ్చి, మట్టిదారుల్లో కిందికి వదిలేవారు. వెనుకకు తొక్కితే పడే బ్రేకులవి. కొండ దిగేసరికి హబ్బు కాగి లోపలి గ్రీజంతా పొగైపోయేది, మళ్ళీ కొత్త గ్రీజు నింపాలి. అందుకే 1976లో మొదలైన ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు వచ్చింది. ఇరవై ఏళ్ళకు, 1996 అట్లాంటా ఒలింపిక్సులో, ఇదొక క్రీడగా చేరింది. మనం పాత సైకిళ్ళను పాత సామాన్లవాడికి అమ్ముకున్నాం.

ఇక నా ప్రయోగం. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చిన పదోరోజు తెల్లవారుజామున బయలుదేరాను. ముందు మూడు పళ్ళ చక్రాలు, వెనుక ఏడు, మొత్తం ఇరవై ఒక్క గేర్లు. ముందు చిన్నది, వెనుక పెద్దది వేస్తే కాళ్ళు గిరగిర తిరుగుతాయి, బండి మాత్రం నడక వేగంతో పోతుంది. కాని గేరు ఎత్తు రాకముందే మార్చుకోవాలి. నేను సగం ఎత్తులో, బలమంతా వేసి తొక్కుతూ మార్చాను. చైను ఊడింది. చేతులు నల్లగా చేసుకుని మళ్ళీ వేసి, కిందికి పోయి, మొదటినుంచి ఎక్కాను. ఈసారి దిగలేదు. డెబ్బై ఒకటో ఏట ఆ ఘాటు పైన కాలు కింద మోపినప్పుడు గుండె దడ ఎక్కువో సంతోషం ఎక్కువో చెప్పలేను. పద్మనాభస్వామి గుడివైపు తిరిగి దండం పెట్టుకున్నాను.

అక్కడితో వెనుదిరిగితే సరిపోయేది. అడవిలోకి కాలిబాట కనిపించింది.

మూసీ పుట్టేది ఈ కొండల్లోనే అని మీకు తెలుసు. ఆ వాగులవైపు దిగే బాటలన్నీ ఎర్ర మొరం, పైన ఎండాకులు. లావు టైర్లు, ముందు స్ప్రింగుల ఫోర్కు ఉన్నాయి కదా అని సీటు మీద నిటారుగా, పోస్టాఫీసుకు పోతున్నట్లే కూర్చుని దిగాను. వేగం పెరిగింది. కంగారులో ముందు బ్రేకు గట్టిగా పట్టాను. డిస్కు బ్రేకు మన కడ్డీ బ్రేకు వంటిది కాదు, పట్టిందంటే చక్రం నిలిచిపోతుంది. మొరం మీద నిలిచిన చక్రం జారింది. నేను హ్యాండిలు మీదుగా ముందుకు పోయాను. హెల్మెట్టు పగిలింది, తల పగలలేదు.

ఎంతసేపు పడి ఉన్నానో తెలియదు. ఫోనుకు సిగ్నలు లేదు. అప్పుడు గుర్తుకొచ్చినది నొప్పి కాదు. ఇంట్లో నేను చెప్పినది, "సంఘం ఆఫీసుకు పోతున్నా" అని. అధ్యక్షులవారూ, మన్నించాలి. చివరకు మేకలు కాసే ఒకాయన వచ్చి, "ఏం సారూ, గీ వయసుల గీ బండెందుకు" అంటూనే లేపి, బండిని రోడ్డు దాకా మోశాడు. డబ్బిస్తే తీసుకోలేదు.

మా ఆవిడ ఈ సభలోనే, మూడో వరుసలో ఉన్నది. ఆ రోజు ఆమె అరవలేదు. "పడ్డారని కాదండీ నా కోపం. చీకటిపడితే మిమ్మల్ని నేనెక్కడ వెతకాలి?" అన్నది. నలభై ఆరేళ్ళ కాపురంలో నాకు జవాబు దొరకని ప్రశ్న అదొక్కటే.

మా మనవడు తర్వాత విప్పి చెప్పాడు. దిగేటప్పుడు సీటు మీద కూర్చోరాదు. రెండు పెడళ్ళు సమానంగా ఉంచి, లేచి నిలబడి, నడుము వెనక్కు వేయాలి. బ్రేకు మీద రెండు వేళ్ళు చాలు, రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పట్టాలి. ముందు బ్రేకు ఏ చేతిదో బండి బండికీ తేడా ఉంటుంది, ఎక్కకముందే చూసుకోవాలి. రాయిని చూస్తే రాయి మీదికే పోతాం, దారిని చూడాలి. టైర్లలో గాలి రోడ్డు మీదకన్న కాస్త తక్కువ ఉండాలి. ఇవన్నీ ముందే అడిగి ఉంటే నాకు మర్యాద దక్కేది.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆవిడ ఒక షరతు పెట్టింది. తోడు లేకుండా పోకూడదు, పోయే చోటు కాగితం మీద రాసి పెట్టి పోవాలి. సంక్రాంతిలోగా తోడు దొరకకపోతే బండి మనవడి హాస్టలుకు పోతుంది. పట్టీ ఇంకో పది రోజుల్లో విప్పుతారు. ఘాటు రోడ్డు దాకానే, మొరం బాటల్లోకి ఇప్పట్లో వద్దు. గుండె, బి.పి. సంగతి డాక్టరును అడిగి రండి, హెల్మెట్టు తెచ్చుకోండి. బండి మామూలుదైనా సరే, ఘాటు దగ్గర నాతోపాటు నెట్టుకుంటూ వద్దురుగాని. జనవరి మొదటి ఆదివారం ఉదయం ఆరున్నరకు మా ఇంటి ముందు ఉంటాను. టీ మా ఆవిడ పెడతానన్నది. పేర్లు ఆమెకే ఇవ్వండి, నా మాట ఇంకా నమ్మడం లేదు.