భేదాభిప్రాయము - కార్యసిద్ధి



మనలో ఉద్యోగము చేయువారు మెలకువగా ఉన్న కాలములో ఎక్కువ భాగము పనిచేసే చోటనే గడుపుదురు. కార్యాలయమైనా, కర్మాగారమైనా, చివరకు స్వామివారి ప్రసాదములు సిద్ధమయ్యే వంటశాలయైనా, నలుగురు కలిసిన చోట నాలుగు అభిప్రాయములు ఉండక తప్పవు. ఉదయము పూజామందిరములో కన్నులు మూసుకొని ప్రశాంతముగా కూర్చున్న మనమే, పది గంటలు కాగానే ప్రక్క బల్ల వద్దనున్న వానిని చూచి మొగము త్రిప్పుకొనుచున్నాము. పూజలోని శాంతి కార్యాలయపు గుమ్మము దాటలేకపోయినచో దానికి ఫలమేమి?

మనమెరిగిన ఒక కార్యాలయములో ఇద్దరు ఉద్యోగులుండిరి. ఇద్దరూ పనిమంతులే, ఇద్దరూ దైవభక్తి కలవారే. ఏదో మాటపట్టింపు వచ్చి మాటలు మానుకొన్నారు. భర్తను కోల్పోయిన ఒక తల్లి కుటుంబ పింఛను ఫైలు ఆ ఇద్దరి బల్లల మీదుగా పోవలసియున్నది. ఒకరు 'వివరణ కావలెను' అని వ్రాసి పంపుదురు. రెండవవారు 'వివరణ ఇదివరకే ఇవ్వబడినది' అని వ్రాసి త్రిప్పి పంపుదురు. ఆ రెండు బల్లల మధ్య దూరము పది అడుగులు. ఎనిమిది నెలలు ఆ ఫైలు ఆ పది అడుగులలోనే తిరిగినది. ఆ తల్లి ప్రతి నెలా బస్సెక్కి వచ్చి, వరండాలో సాయంత్రము వరకు కూర్చుండి, తిరిగి వెళ్ళెడిది. ఆ ఇద్దరిలో ఎవరూ లంచమడుగలేదు, ఎవరూ నియమము తప్పలేదు. అయినను ఆమెకు అన్యాయము జరిగినది. పనిచేసే చోట కలహము ఇట్టిది. పోట్లాడుకొన్నవారి కంటె ముందు, ఆ పోట్లాటతో సంబంధమే లేనివారిని అది కాల్చును.

మరి భేదాభిప్రాయము వచ్చినపుడు ఏమి చేయవలెను? వాల్మీకి మహర్షి యుద్ధకాండలో దీనికి చక్కని దారి చూపినారు.

విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రతీరమునకు వచ్చి శరణు కోరినాడు. వెంటనే సుగ్రీవుడు, 'వీడు శత్రువు తమ్ముడు, వేగులవాడై యుండును, వధింపవలెను' అన్నాడు. శ్రీరాముడు ఆ మాటను త్రోసిపుచ్చలేదు. అక్కడున్న వారందరి అభిప్రాయములను అడిగినాడు. గుణదోషములు పరీక్షింపుమని అంగదుడు, చారుని పంపి తెలిసికొనుమని శరభుడు, వచ్చిన దేశకాలములు అనుమానాస్పదములని జాంబవంతుడు, మెల్లగా ప్రశ్నించి చూడవలెనని మైందుడు చెప్పినారు. చివర హనుమంతుడు, తాను వాదము కొరకు గాని, ఇతరుల మీద పోటీతో గాని మాటలాడుట లేదనియు, కార్యము యొక్క గౌరవమును బట్టియే చెప్పుచున్నాననియు ముందుగా విన్నవించి, విభీషణుని స్వీకరింపవచ్చునని తన కారణములు వివరించినాడు. మనము మన కార్యాలయములో ఎదుటివాని మాటను కాదనునపుడు ఈ ఒక్క మాట మనస్ఫూర్తిగా చెప్పగలమా? మనము పోరాడుచున్నది కార్యము కొరకా, మన మాట నెగ్గుట కొరకా?

సుగ్రీవుడు మాత్రము సమాధానపడలేదు. కష్టకాలములో అన్ననే విడిచినవాడు ఎవరిని విడువడని మరల అడ్డుపడినాడు. అపుడు రాముడు లక్ష్మణుని వైపు తిరిగి, శాస్త్రములు చదువక, పెద్దలను సేవింపక ఎవరూ సుగ్రీవుని వలె మాటలాడలేరని అందరి ఎదుట ప్రశంసించినాడు. తనతో ఏకీభవింపని వానిని ముందు గౌరవించి, తరువాత తన ఆలోచనను వివరించినాడు. సుగ్రీవుడు మరల కాదన్నను విసుగుకొనలేదు. శరణన్న వారికి అభయమిచ్చుట తన వ్రతమని, దానిని మాత్రము విడువనని స్థిరముగా చెప్పినాడు. ఓర్పుతో వినుట వేరు, ధర్మమును వదలుకొనుట వేరు.

ఆపైన శ్రీరాముడు చేసిన పనిని మనము హృదయమునకు పట్టించుకొనవలెను. 'అభయమిచ్చితిని, అతనిని తీసికొని రమ్ము' అని ఆయన చెప్పినది హనుమంతునితో కాదు, వలదన్న సుగ్రీవునితోనే. ఓడినవానిగా సుగ్రీవుని ప్రక్కన నిలబెట్టలేదు, కార్యములో భాగస్వామిని చేసినాడు. ఫలితము వెంటనే కనబడినది. సముద్రమును దాటు ఉపాయమును విభీషణుని అడిగినవారు హనుమంతుడును సుగ్రీవుడును. సముద్రుని శరణు కోరవలెనన్న విభీషణుని ఆలోచనను రాముని వద్దకు చేర్చినవాడు ఆ సుగ్రీవుడే.

లంకలోని సభ ఇందుకు విరుద్ధము. అక్కడ పొగడినవారికి ఆసనము, హితము చెప్పినవానికి పరాభవము. కార్యము చేసిన పిదప ఆలోచన అడుగుట తగదని కుంభకర్ణుడే రావణుని తప్పుపట్టినాడు. విభీషణుడు కూడ తొలి విభేదముతోనే లంకను విడువలేదు. అన్నకు ఎదురుగా, మర్యాదగా, పలుమార్లు చెప్పి చూచి, అవమానితుడై వెడలినాడు. కనుక సామరస్యమనగా అధర్మమునకు తలయూపుట కాదు. చెప్పవలసిన మాటను చెప్పవలసిన వాని ఎదుటనే చెప్పవలెను. చాటున నలుగురితో చెప్పుట ధర్మము కాదు.

సేతు నిర్మాణము చూడుడు. నలుడు విశ్వకర్మ పుత్రుడు, వంతెన కట్టగల నేర్పరి. అయినను సముద్రుడు చెప్పువరకు ఆ సంగతి ఎవరికిని తెలియదు. అడుగనిదే తన గుణములను తాను చెప్పుకొనలేదని నలుడే అన్నాడు. మన చుట్టును ఇట్టి నలులు ఎందరో మౌనముగా కూర్చుండియుందురు. అధికారములో నున్నవారు వారిని వెదకి అడుగవలెను. పని మొదలైన తరువాత కొందరు చెట్లు, బండలు మోసినారు, కొందరు కొలత దారములు పట్టినారు. మొదటి దినము 14 యోజనములు, తరువాత వరుసగా 20, 21, 22, 23. ఐదు దినములలో 100 యోజనములు పూర్తియైనది. దినదినమునకు అలసట పెరుగవలసినది, పని పెరిగినది. మనస్సులు కలిసిన చోట చేతులకు బలము వచ్చును.

మొదట చెప్పిన కార్యాలయమునకు క్రొత్తగా ఒక పై అధికారి వచ్చినారు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చుండబెట్టి, ఒకరు చెప్పుచుండగా రెండవవారు అడ్డురాకుండ వినునట్లు చేసినారు. వివరణ కోరిన ఉద్యోగి సందేహములో కొంత న్యాయమున్నదని రెండవవాని ఎదుటనే అంగీకరించినారు. ఇద్దరి చేతను ఒకే బల్ల వద్ద ఫైలు పూర్తి చేయించి, మంజూరు పత్రమును ఆ తల్లి చేతికి అందించు పనిని వివరణ కోరిన ఉద్యోగికే అప్పగించినారు. ఆమె చేతులు జోడించినపుడు ఆయన తలయెత్తి చూడలేకపోయినారు. ఆ ఇద్దరూ తరువాత ప్రాణమిత్రులు కాలేదు. కాని వారి బల్లల నడుమ మరల ఏ ఫైలును నిలువలేదు.

గురుశిష్యులు అధ్యయనము ఆరంభించు ముందు మనమొకరినొకరము ద్వేషింపకుందుముగాక యని ప్రార్థింతురు. అంతటి పవిత్ర కార్యమునకే ఆ ప్రార్థన అవసరమైనపుడు మనకు ఎంత అవసరమో ఆలోచింపుడు. రేపు ఉదయము మనము పనికి కూర్చుండు ముందు ఒక్క నిమిషము శ్రీరాముని స్మరించి, మాటలు మానిన ఆ ఒక్కరి వద్దకు మనమే ముందుగా నడచి వెళ్ళుదము. మన కొరకు కాకున్నను, వరండాలో ఎదురుచూచుచున్న ఆ తల్లి వంటి వారి కొరకు.

శ్రీరామచంద్రుడు మనకందరకు అట్టి సద్బుద్ధిని ప్రసాదించుగాక!

స్వస్తి.