గాలి ఎక్కడి నుంచి వస్తోంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నన్ను వృత్తి గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లుగా ఇంజన్ల మధ్య ఉంటున్నవాణ్ణి, చేతిలో వస్తువు లేకుండా మాట్లాడటం నాకు రాదు. అందుకే ఈ బల్ల మీద హీరో హోండా సి.డి.100 ఇంజను ఒకటి, దానికి ఎక్కాల్సిన మానిఫోల్డు, కార్బురేటరు పెట్టాను. ఇంజను పాత సామాన్ల కొట్లో కొన్నాను. కార్బురేటరు మాత్రం కొన్నది కాదు. దాని సంగతి తరవాత చెబుతాను.

పిల్లలూ, మా సైన్సు మాస్టారు రెండు కాగితాలు నిలువుగా పట్టుకుని మధ్యలోంచి ఊదేవారు. విడిపోతాయనుకున్న కాగితాలు దగ్గరికొచ్చేవి. గాలి జోరందుకున్న చోట పీడనం తగ్గుతుంది. కార్బురేటరు గొంతు సన్నగా ఉండేది అందుకే. పిస్టను దిగుతూ గాలిని లాగితే గొంతు దగ్గర పీడనం పడిపోతుంది, కింది గిన్నెలోని పెట్రోలు జెట్టులోంచి లేచి తుంపరగా గాలిలో కలుస్తుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలంతా ఆ గొంతులోంచే వెళుతుందన్న నమ్మకం మీదే జెట్ల కొలతలు నిర్ణయిస్తారు.

గొంతు దాటిన గాలి ఈ వంకర గొట్టంలోంచి సిలిండర్ హెడ్‌కి వెళుతుంది. ఇదే ఇన్‌టేక్ మానిఫోల్డు. రెంటికీ మధ్య ఉన్న ఈ నల్లముక్క ఇన్సులేటరు. ఇంజను వేడి కార్బురేటరుకి ఎక్కకుండా ఆపుతుంది. కార్బురేటరు ఫ్లాంజ్ మీద గాడి, గాడిలో ఓ రింగు, రెండు నట్లు, 10 నంబరు స్పానరు. పని ఇంతే. ఇంత చిన్న పనిలోనే నేను తప్పు చేశాను.

1988 వేసవి. నేను పాలిటెక్నిక్ చదువుతున్నాను. సి.డి.100 మన దేశంలో 1985లో వచ్చింది, మాస్టారు అప్పు పెట్టి ఒకటి కొనుక్కున్నారు. సెలవులకు ఊరొస్తే, "ఒరేయ్ ఇంజనీరూ, మైలేజీ తగ్గింది, కాస్త చూసిపెట్టు" అన్నారు. ఆ పిలుపుకే పొంగిపోయాను. కార్బురేటరు విప్పి, రబ్బరుతో సహా అన్నీ రాత్రంతా పెట్రోల్లో నానబెట్టాను. రబ్బరు పెట్రోల్లో ఉబ్బుతుందని అప్పటికి తెలియదు. పొద్దున ఓ రింగు గాడిలో కూర్చోనంది. వేలితో నొక్కిపెట్టి, ఒక పక్క నట్టు బిగిసేదాకా బిగించి, తరవాత రెండోది పట్టుకున్నాను. బలంగా బిగిస్తే మంచిదనుకునే వయసు.

చల్లగా ఉన్నప్పుడు చోక్ వేస్తే బండి బాగానే స్టార్టయ్యేది. వేడెక్కాక ఎక్సలేటర్ వదిలేసినా రేజు దిగేది కాదు, ఒక్కోసారి ఠపీమని ఆగిపోయేది. వాలులో దిగుతుంటే సైలెన్సర్లో టపటపలు. రోడ్డు మీద వేగంగా పోతుంటే ఏ ఇబ్బందీ లేదు. ఇవాళ ఎవరైనా ఇలా చెబితే బండి చూడకుండానే జవాబు చెప్తాను. ఎక్సలేటర్ మూసినప్పుడే మానిఫోల్డులో పీల్పు ఎక్కువ. అతుకులో సన్నటి సందున్నా అక్కడి నుంచి దొంగగాలి దూరుతుంది. ఆ గాలికి సరిపడా పెట్రోలు రాదు. చోక్ వేస్తే పెట్రోలు పెరుగుతుంది కనక కుదుటపడుతుంది. బండి ఇన్ని రకాలుగా చెప్పినా నేను ఎయిర్ స్క్రూ తిప్పుతూ, నీడిల్ క్లిప్పు మారుస్తూ రెండు రోజులు గడిపాను.

మాస్టారు పక్కన నిలబడి ఒకే ఒక్క మాట అడిగారు: "గాలి ఎక్కడి నుంచి వస్తోందిరా?" నాకు చిరాకేసింది. "కార్బురేటరు అరిగిపోయింది మాస్టారూ, కొత్తది వెయ్యాలి" అన్నాను.

ఆయన కొన్నారు. ఆ నెల చిట్టీ కట్టలేదని తరవాత అమ్మగారి మాటల్లో తెలిసింది. కొత్త కార్బురేటరు బిగించగానే బండి గడియారంలా నడిచింది. మాస్టారు స్టాఫ్ రూములో అందరికీ చెప్పారట, నా శిష్యుడు ఇట్టే పట్టేశాడని. పాతది నేర్చుకోవడానికి నాకే ఇచ్చేశారు.

పది రోజుల తరవాత దాన్ని తీరిగ్గా చూశాను. ఓ రింగు ఒకచోట నలిగి తెగి ఉంది. ఫ్లాంజ్ మీద స్టీలు స్కేలు అంచు నిలబెడితే కింద నుంచి వెలుతురు కనబడింది. వంచింది నేనే. కొత్తదాంతో బాగుపడటానికి కారణం దాని ఫ్లాంజ్ చదునుగా ఉండటం, రింగు కొత్తది కావటం. నా రోగనిర్ణయం తప్పు, వైద్యం మాత్రం పనిచేసింది. మా వృత్తిలో నేను అన్నిటికన్నా భయపడేది ఈ రకం తప్పుకే, ఎందుకంటే అది మెప్పు కూడా తెచ్చిపెడుతుంది. గాజుపలక మీద ఎమిరీ పేపరు పరిచి అరగంట రుద్దితే ఫ్లాంజ్ చదునైంది. చిల్లర డబ్బుతో తీరే పని.

ఇది మాస్టారికి చెప్పలేదు. పొరుగూరు వెళ్లాను, ఉద్యోగంలో చేరాను, ఎన్నోసార్లు ఇంటికెళ్లి కాళ్లకు దండం పెట్టాను, ఈ సంగతి మాత్రం ఎత్తలేదు. ఇవాళ ఆయన ముందు వరసలో కూర్చున్నారు. మాస్టారూ, ఆ కార్బురేటరు బాగానే ఉండేది. మీ డబ్బు వృథా చేయించాను. క్షమించండి. ఇదిగో, బల్ల మీదున్నది మీదే.

2020లో బి.ఎస్.6 వచ్చాక కొత్త బళ్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది, ఇవన్నీ మాకెందుకని పిల్లలు అనుకోవచ్చు. మానిఫోల్డు ఎక్కడికీ పోలేదు. దాని అతుకూ, అతుకులో దూరే గాలీ అలాగే ఉన్నాయి.

భోజనాల తరవాత రండి. ఇద్దరిద్దరు చొప్పున బిగించి చూద్దురుగాని. ముందు గాడి తుడవాలి, రింగు మెలి పడకుండా కూర్చోబెట్టాలి, రెండు నట్లూ చేత్తో తిరిగినంత తిప్పాలి, ఆ తరవాతే ఇటు కొంచెం, అటు కొంచెం. స్పానరు పొట్టిదే తెచ్చాను.